మాష్: నెట్ పోయినా తెగని టెర్మినల్

ట్రైన్‌లోనో బస్సులోనో ల్యాప్‌టాప్ తెరిచి సర్వర్ పని చేసేవాళ్లు దూరంలోని సర్వర్‌లోకి లాగిన్ అయి కమాండ్లు ఇవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్‌తో పాటు, అదే పని చేసే మాష్ కూడా వేసుకోండి. ఫ్రీ, ఓపెన్ సోర్స్. ఎంఐటీలో కీత్ విన్‌స్టీన్, హరి బాలకృష్ణన్ తయారుచేశారు, 2012లో వచ్చింది, ఈ పనికి ఇంతకంటే మంచిది నాకింకా కనపడలేదు.

ఎస్ఎస్‌హెచ్ టీసీపీ మీద, అంటే ముందు కనెక్షన్ పెట్టుకుని డేటాని వరసగా పంపే పద్ధతి మీద నడుస్తుంది. టీసీపీ కనెక్షన్ రెండు వైపుల ఐపీ అడ్రస్‌లకీ పోర్టులకీ ముడిపడి ఉంటుంది కాబట్టి, వైఫై వదిలి మొబైల్ డేటాకి మారగానే పాత కనెక్షన్ చచ్చినట్టే, స్క్రీన్ బిగుసుకుపోతుంది, ఏ కీ కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. మాష్ లాగిన్ వరకే ఎస్ఎస్‌హెచ్‌ని వాడుకుంటుంది. ఆ తర్వాత అంతా యూడీపీ (అలా కనెక్షన్ పెట్టుకోకుండా విడివిడి ప్యాకెట్లు పంపే పద్ధతి), ఎన్‌క్రిప్ట్ చేసిన ప్యాకెట్లు, ఒక్కోదానికి వరుస నంబర్. సరైన ఎన్‌క్రిప్షన్ కీతో, ఇంతవరకు వచ్చిన వాటికంటే పెద్ద నంబర్‌తో ఏ కొత్త ఐపీ నుంచి ప్యాకెట్ వచ్చినా సర్వర్ ఇకమీదట జవాబులు అక్కడికే పంపుతుంది. మళ్లీ లాగిన్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ మూసి ఇంటికెళ్లి తెరిచినా అదే స్క్రీన్, కర్సర్ అక్కడే!

అసలు తెలివంతా ఇక్కడుంది: దారిలో పోయిన స్క్రీన్ డేటాని మొదట్నుంచీ వరసపెట్టి మళ్లీ పంపదు. మన దగ్గర ఏ స్క్రీన్ ఉంది, సర్వర్‌లో ఇప్పుడు ఏముంది, ఆ తేడా ఒక్కటే పంపుతుంది, మధ్యలో ఏం జరిగిందో మనకి అవసరం లేదు కదా. మనం కొట్టిన కీలు మాత్రం ఒక్కటీ పోనివ్వదు. అందుకే వేల లైన్ల లాగ్ పారుతున్నప్పుడు కూడా నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపే కంట్రోల్-సీ వెంటనే పనిచేస్తుంది. సిగ్నల్ లేనప్పుడు సర్వర్ మాట విని ఎన్ని సెకన్లయిందో పైన నీలం పట్టీలో చూపిస్తుంది, అది ఉంటే ఎంత టెన్షన్ తగ్గుతుందో వాడితేనే తెలుస్తుంది.

టైపింగ్ కూడా హాయిగా ఉంటుంది, సర్వర్ జవాబు కోసం ఆగకుండా అక్షరాన్ని అంచనా వేసి ముందే చూపించేస్తుంది. వాళ్ల పేపర్‌లో 3జీ మీద కొలిచిన లెక్క ప్రకారం, ఎస్ఎస్‌హెచ్‌లో కీ కొడితే తెరమీద కనపడటానికి పట్టే మధ్యస్థ సమయం 503 మిల్లీసెకన్లు, మాష్‌లో 5 కంటే తక్కువ.

లోపాలు ఉన్నాయి, చిన్నవేం కావు. పైకి స్క్రోల్ చేస్తే పాత లైన్లు రావు. పోర్ట్ ఫార్వర్డింగ్ (వేరే ప్రోగ్రామ్‌ల ట్రాఫిక్‌ని ఇదే కనెక్షన్‌లోంచి పంపడం) లేదు. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయితే ఎన్‌క్రిప్షన్ కీ పోతుంది, ఆ సెషన్‌కి తిరిగి వెళ్లలేరు, కాబట్టి లోపల టీమక్స్ (కనెక్షన్ తెగినా సెషన్‌ని సర్వర్‌లో బతికించి ఉంచే ప్రోగ్రామ్) పెట్టుకోవాల్సిందే, దానితో స్క్రోల్ ఇబ్బంది కూడా తీరుతుంది. సర్వర్‌లోనూ మీ దగ్గరా రెండుచోట్లా ఇన్‌స్టాల్ చేయాలి, ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టులు 60000 నుంచి 61000 వరకు తెరవాలి, అన్నీ కాకపోయినా కొన్నయినా. యూడీపీని మొత్తం ఆపేసే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటే మాత్రం ఇది పనిచేయదు, అక్కడ ఎస్ఎస్‌హెచ్, టీమక్స్‌తోనే నెట్టుకురండి.