వరద నీటిలో పనిచేయని జింకు, పనిచేసిన అల్యూమినియం

ఈసారి వేట నిషేధంలో బోటును గట్టు మీదకు లాగించి, కిందకు వంగి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ప్రొపెల్లర్, చుక్కాని లాంటి లోహ భాగాలను నీరు తినేయకుండా బోటు అడుగున బిగించిన అల్యూమినియం దిమ్మెలు సగం దాకా అరిగిపోయాయి. పక్కనే ప్రొపెల్లర్ మీద ఒక్క గుంట లేదు.

అంతకుముందు, 2020 నుంచి మూడేళ్లు, జింకు దిమ్మెలు వాడాను. గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది మొగ దగ్గర బోటు కట్టినంత కాలం అవి చక్కగా అరిగేవి. తోటి బోట్ల వాళ్ల చేత కూడా నేనే పెట్టించాను. తర్వాత మకాం నదిలో ఎగువన ఉన్న నరసాపురం రేవుకు మార్చాను. 2022 జులై వరద దాటాక, మరుసటి ఏప్రిల్‌లో చూస్తే జింకు కొత్తదానిలా నిండుగా ఉంది. డబ్బు మిగిలిందనుకున్నాను. కానీ ప్రొపెల్లర్ అంచున రాగిరంగు మచ్చలు. మేస్త్రీ సుత్తితో తడితే బాగున్నచోట ఖంగుమంది, మచ్చల దగ్గర మొద్దుగా పలికింది. మరో దెబ్బకు అంచు ముక్క ఊడి అతని చేతిలోకి వచ్చింది. మనం కంచు అని పిలిచే ఆ లోహంలో జింకు పాలు ఎక్కువ. అది కరిగిపోయి గుల్లబారిన రాగి మిగిలింది. కొత్త ప్రొపెల్లర్ వచ్చేసరికి నిషేధం ముగిసే జూన్ 14 దాటిపోయింది. అందరూ వేటకు వెళ్తుంటే మేము వారం రోజులు రేవులోనే ఉండిపోయాం.

తాను కరిగి మిగతా లోహాన్ని కాపాడటమే దిమ్మె పని. అరగని దిమ్మె కాపాడటం లేదన్నమాట. నదికి వరద ఎర్రనీరు వచ్చినన్నాళ్లూ ఆ మంచినీటిలో జింకు మీద గట్టి తెల్లని పెచ్చు కడుతుంది. తర్వాత ఉప్పునీరు ఎగదన్నినా ఆ పెచ్చు వదలదు. ఇండియం అనే లోహం కాస్త కలిపిన అల్యూమినియం మాత్రం ఉప్పు తగలగానే మళ్లీ పని అందుకుంటుంది. పైగా కిలోకు కిలో లెక్కన జింకు కంటే దాదాపు మూడు రెట్లు, లోహాన్ని కాపాడే విద్యుత్తునిస్తుంది. తుక్కు అల్యూమినియం కరిగించి పోసిన దిమ్మెలు మాత్రం దీనికి పనికిరావు.

అల్యూమినియంతోనూ మొదటి ఏడాది అంతా సవ్యంగా జరగలేదు. చుక్కాని మీది దిమ్మె అసలు అరగలేదు. కింది రంగు పూర్తిగా గీకకుండా బిగించారు. లోహానికి లోహం తగలకపోతే ఏ దిమ్మె అయినా ఒకటే.

నాది ఫైబర్ బోటు, వరద నెలలన్నీ నదిలోనే ఉంటుంది. కాకినాడలో ఏడాది పొడవునా ఉప్పునీటిలో ఉండే బోటుకు జింకు మానేయమని నేను చెప్పను. ఎప్పుడూ మంచినీటిలోనే తిరిగేవాటికి మెగ్నీషియం నయం. చెక్క బోటైతే దిమ్మెలు ఎక్కువ పెట్టవద్దు, బోల్టుల చుట్టూ క్షారం చేరి చెక్క మెత్తబడుతుంది. నేనైతే ఈసారీ అల్యూమినియమే బిగించాను, చుక్కాని దగ్గర రంగు నా చేత్తోనే గీకి.