ఆరోగ్యశ్రీనా, ప్రైవేట్ పాలసీనా: ఏ ట్రీట్‌మెంట్ అవసరమో ఎవరు తేలుస్తారు?
గుంటూరులో నాన్నకి స్టెంట్ వేసినప్పుడు ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, 2007లో మొదలైంది) ఎలా నడుస్తదో చూశా, అక్కడ ముందే లిస్టు ఉంటది, ఆ లిస్టులో ఉన్న జబ్బయితే హాస్పిటల్ వాళ్ళు రిపోర్టులు అప్‌లోడ్ చేస్తారు, ఈ స్కీమ్ నడిపే ట్రస్టు డాక్టర్లు చూసి అప్రూవల్ ఇస్తారు. లిస్టులో లేకపోతే మాత్రం సీఎం రిలీఫ్ ఫండ్‌కి అప్లై చేసుకోవాల్సిందే.

ప్రైవేట్ పాలసీ అలా కాదు, అంతా 'వైద్యపరంగా అవసరం' అనే మాట మీదే నడుస్తది. విజయవాడలో మా పిన్నిని డెంగ్యూకి మూడు రోజులు అడ్మిట్ చేస్తే, ఓపీలో సరిపోయేదని క్లెయిమ్ కొట్టేశారు. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఇంట్లో ఎలా ఉంచుతామండీ! అడ్మిషన్ ఎందుకు అవసరమైందో డాక్టరు గారి చేత రాయించి పంపాకే డబ్బులిచ్చారు. అప్పటికీ ఇవ్వకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) కంప్లైంట్ పెట్టొచ్చు, ఫీజు లేదు. కార్డు ఉన్నోళ్ళు గుండె, కిడ్నీ లాంటి పెద్ద జబ్బులకి ముందు ఆరోగ్యశ్రీనే అడగండి.