ఫోన్‌కి తాళమా, క్లాసా, ఇంట్లో సాధనా: మన పిల్లలకి ఏది మేలు?

బెంగళూరులో మేధో వైకల్యం ఉన్న పిల్లల తెలుగు తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా ఈమధ్య అడిగేది ఒకటే. "మేడం, మావాడికి ఇరవై దాటింది. ఫోన్ వదలడు. ఏది కనపడితే అది నొక్కేస్తాడు. తాళం వేసేద్దామా, ఫోన్ వాడకం నేర్పే క్లాసులో ఎక్కడైనా చేర్పిద్దామా, మేమే నేర్పుకోవాలా?" స్పెషల్ స్కూల్లో పెద్దపిల్లల సెక్షన్ చూస్తాను కాబట్టి నన్ను అడుగుతారు. ఫోన్ ఇవ్వాలా వద్దా అన్న చర్చ మాత్రం ఎవరూ చేయడం లేదు. కొబ్బరిబోండాల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉన్న ఊళ్ళో ఇవ్వక తప్పుతుందా!

తాళం అంటే పేరెంటల్ కంట్రోల్. కొత్త యాప్ వేసుకోవాలంటే అమ్మ ఒప్పుకోవాలి, ఇన్ని గంటలు దాటితే స్క్రీన్ ఆగిపోతుంది. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసే పిల్లలకి ఇది పనికొస్తుంది, కాదనను. కానీ ఇవి చిన్నపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. పాతికేళ్ళవాడి ఫోన్‌కి తాళం, పదిహేనేళ్ళ చెల్లెలి ఫోన్‌కి లేదు అంటే వాడు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. పైగా మోసం వచ్చేది ఎక్కువగా మాటల్లో. వాట్సాప్‌లో తీయగా పలకరించేవాణ్ణి ఏ తాళం ఆపుతుంది?

డబ్బు విషయంలో మాత్రం తాళం ఉండాల్సిందే. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ ఇందుకు బాగుంది. నాన్న ఖాతా నుంచి కొడుకు తన ఫోన్‌తో చెల్లిస్తాడు. పరిమితి పెట్టి వదిలేయొచ్చు: ఒక్కసారికి 5,000, నెలకి 15,000 రూపాయలు దాటకుండా. లేదా ప్రతి చెల్లింపుకీ నాన్న తన ఫోన్‌లో పిన్ కొట్టి ఒప్పుకునేలా పెట్టుకోవచ్చు. మొదట్లో రెండోదే పెట్టమంటాను. కొట్టుకి వెళ్ళి తనే స్కాన్ చేశానన్న గర్వం వాడికి మిగులుతుంది, మీకు టెన్షన్ తగ్గుతుంది.

ఇక క్లాసు. నేర్పేవాళ్ళకి ఓపిక ఉంటుంది, పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం తెలుసు, తోటివాళ్ళని చూసి పిల్లలూ హుషారుగా చేస్తారు. ఇన్ని మంచి మాటలు చెప్పి కూడా నేను క్లాసుకి మొదటి స్థానం ఇవ్వను.

ఎందుకంటే మన పిల్లలకి ఏళ్ళ తరబడి అందరం కలిసి నేర్పింది చెప్పిన మాట వినడం. ఇంట్లో, స్కూల్లో, థెరపీలో అదే. "బుద్ధిమంతుడండీ, ఏం చెబితే అది చేస్తాడు" అనిపించుకోవడమే వాళ్ళకి దొరికిన పెద్ద మెప్పు. ఫోన్‌లో మోసం చేసేవాడికి కావలసిందీ అదే. పోలీసులమంటూ ఫోన్ చేసి 'డిజిటల్ అరెస్ట్' చేశామని భయపెట్టే మోసగాళ్ళు వీడియో కాల్ కట్ చెయ్యొద్దు, ఎవరికీ చెప్పొద్దు అనే కదా అంటారు! అందుకని నేను ఏ పద్ధతినైనా ఒక్క ప్రశ్నతో తూస్తాను: ఎదుటి మనిషికి 'చెప్పను' అనే సాధన ఇందులో ఉందా?

తాళంలో అసలు లేదు, వాడి తరఫున మనమే 'వద్దు' అనేస్తున్నాం. క్లాసులో ఉన్నట్టు కనిపిస్తుంది. ఓటీపీ చెప్పొచ్చా అంటే అందరూ గొంతెత్తి "చెప్పకూడదు" అంటారు. అదే టీచరు మధ్యాహ్నం "నీ ఫోన్‌కి ఏదో నంబర్ వచ్చింది, చదువమ్మా" అంటే మా స్కూలు అమ్మాయి ఒకతె ఆరు అంకెలూ గడగడా చదివేసింది. పొద్దున చెప్పిన జవాబు కూడా మాట వినడమే మరి.

ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి మోసుకెళ్ళడం ఈ పిల్లలకి కష్టం. దానికి బెంగళూరు భాషల గొడవ తోడు. క్లాసు కన్నడం, ఇంగ్లీషుల్లో, ఇల్లు తెలుగులో, మోసగాడి ఫోన్ హిందీలో. ఓటీపీ, పిన్, కేవైసీ మాత్రం ఏ భాషలోనైనా అలాగే వినిపిస్తాయి. వాటిలో ఏది చెవిన పడినా కాల్ కట్ చేయడమే అని నేర్పండి.

అందుకే నా ఓటు ఇంట్లో, వాడి సొంత ఫోన్ మీద చేసే సాధనకి. పిల్లలకి తెలియని నంబర్ నుంచి మావయ్య చేత ఫోన్ చేయించండి. ఒకింట్లో ఇలాగే చేయిస్తే అబ్బాయి ఫోన్ చెవిన పెట్టుకున్నాడు, ఓటీపీ అన్న మాట విన్నాడు, కట్ చేయాలని కూడా తెలుసు. బొటనవేలు అద్దం మీద తడుముతోంది గానీ ఎర్ర బటన్ కనిపించడం లేదు. చెవి దగ్గరుంటే స్క్రీన్ నల్లబడిపోతుంది కదా! క్లాసు చార్టులో ఎర్ర బటన్ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. ఫోన్‌ని ముందు చెవి నుంచి దూరంగా తీయి, తర్వాత నొక్కు అని రెండు మెట్లుగా నేర్పాక పని జరిగింది. "అమ్మని అడిగి చెప్తా" అనడం మాత్రం అలవాటు చేయకండి. మాట సాగితే అవతలివాడు ఇంకో పది చెబుతాడు.

ఇందులోని చిక్కు మనమే. నాన్న ఓటీపీ అడిగితే "చెప్పను" అన్నాడని విసుక్కున్నారో, చేసిందంతా నీళ్ళపాలు. ఆ రోజు మెచ్చుకోవాలి. చాలా ఇళ్ళల్లో అమ్మానాన్నల కంటే అక్కో చెల్లెలో బాగా నేర్పుతారు, ఫోన్ చేతిలోంచి లాక్కోరు కాబట్టి.

వాట్సాప్ వార్తల దగ్గర నిజమా అబద్ధమా తేల్చమని పిల్లల్ని వేధించను, అది పెద్దవాళ్ళకే చేతకావడం లేదు. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చినట్టు. ఎవరికీ పంపకుండా అక్కకి చూపించు అంటాను, అంతే.

కీప్యాడ్ ఫోన్ ఇస్తే సరిపోదా అంటారు కొందరు. ఓటీపీ దానికీ వస్తుంది. అవగాహన వీడియోలంటారా, చూస్తారు, నవ్వుతారు, మర్చిపోతారు.

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇంట్లో క్లాసు తప్పకపోవచ్చు. చేర్చేముందు రెండు సంగతులు అడగండి: పిల్లలు సొంత ఫోన్లే తెచ్చుకోవచ్చా, టీచరే ఓటీపీ అడిగి పరీక్షిస్తారా. ఎక్కడ నేర్పినా 1930 సైబర్ హెల్ప్‌లైన్‌ని మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. డబ్బు పోయిన వెంటనే చేయాల్సిన ఆ కాల్ పిల్లల మీద పెట్టకండి, అది మీ పని.