మునిగిపోయే తప్పు మేలా, మొలకెత్తే తప్పు మేలా?

మనిషి చేసిన మహా పొరపాట్ల జాబితాలకు కొదవ లేదు. వాటన్నింటిలోనూ ఏది పెద్దదన్న పోటీయే కనిపిస్తుంది. నాకు మాత్రం సైజు కన్నా జాతి ముఖ్యం. పొరపాట్లలో రెండు జాతులున్నాయి. ఒకటి నలుగురూ చూస్తుండగానే బుడుంగున మునిగిపోతుంది. రెండోది చప్పుడు లేకుండా వేళ్లూని, సంతానాన్ని కని, మన మునిమనవళ్ల కాలానికి కూడా తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది. తప్పు చేయక తప్పదనుకుంటే (మానవజాతి రికార్డు చూశాక ఇందులో అనుమానం అక్కరలేదు) ఏ జాతి తప్పు చేయడం మేలు? తిరుపతిలో ఉంటున్న నాకూ, చిత్తూరు దగ్గర చెరకు వేసి బెల్లం వండే మా బావకూ ఈ విషయంలో ఇంతవరకూ పొత్తు కుదరలేదు.

నేను మునిగే జాతి పక్షం. దానికి మూలపురుషుడు స్వీడన్ ఓడ వాసా. రాజు రెండో గుస్తావ్ అడాల్ఫ్‌కు 64 ఫిరంగులు, ఒళ్లంతా చెక్కిన బొమ్మలు ఉన్న ఓడ కావలసి వచ్చింది. ఆయన యుద్ధరంగంలో ఉండి, తొందరగా కానివ్వండని ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు. ఓడ కడుతున్న పెద్ద మేస్త్రి 1627లో పని మధ్యలోనే కన్నుమూశాడు. ఓడ నిలకడగా ఉందో లేదో చూడడానికి 30 మందిని డెక్కు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించారు. మూడు పరుగులకే ఓడ బోర్లాపడేంతగా ఊగింది. వెంటనే ఆపేశారు. ఓడను కాదు, పరీక్షను.

1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో జనం చూస్తుండగా వాసా బయలుదేరింది. సుమారు 1,300 మీటర్లు వెళ్లింది. తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర బయలుదేరి ఉంటే కపిలతీర్థం కూడా చేరేది కాదన్నమాట. ఒక్క గాలి విసురుకు పక్కకు ఒరిగి, ఫిరంగుల కోసం తెరిచిన కిటికీల గుండా నీళ్లు తాగి, అడుగుకు చేరింది. సుమారు 30 మంది ప్రాణాలు పోయాయి. విచారణ జరిగింది. కొలతలకు సరేనన్నది సాక్షాత్తూ రాజుగారు, కట్టిన మేస్త్రి పరలోకంలో ఉన్నాడు. కనుక ఎవరికీ శిక్ష పడలేదు. విచారణ సంఘాలు ఇలా ముగియడం మన కనిపెట్టుడు అనుకునేవారు గమనించగలరు. తరవాతి కాలంలో ఓడలో పనివాళ్ల కొలబద్దలు నాలుగు దొరికితే, రెండింటిలో అడుగుకు 12 అంగుళాలు, రెండింటిలో 11.

ఇంత అప్రతిష్ఠ మూటగట్టుకున్న ఓడను 1961లో నీళ్లలోంచి పైకి తీశారు. ఇప్పుడది మ్యూజియంలో ఉంది. ఏటా లక్షల మంది టికెట్టు కొని మరీ చూస్తారు. యుద్ధంలో గెలిచి ఉంటే ఏనాడో కట్టెలుగా మారిపోయేది.

కొలబద్దల కథ అక్కడితో ఆగలేదు. 371 ఏళ్ల తరవాత, 1999లో, నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గరికి చేరాక గల్లంతయింది. లెక్కల్లో బలానికి కొలతగా ఒక జట్టు పౌండ్లు వాడింది, ఇంకో జట్టు న్యూటన్లు అనుకుంది. కోట్ల డాలర్లు పోయాయి, నిజమే. కానీ పోయిందని ఆ రోజే తెలిసింది. ఎందుకు పోయిందో వారం తిరిగేసరికి తేలింది. ఈ జాతి తప్పులో నాకు నచ్చే గుణం అదే. అది దాక్కోదు.

రెండో జాతికి చెరకు తోటలంటే ఎందుకో తగని మమకారం. 1935లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చెరకును ఒక రకం పెంకు పురుగు తినేస్తోందని, హవాయి నుంచి వందకు పైగా పెద్ద గోదురుకప్పలను తెచ్చి, వాటి పిల్లలను తోటల్లో వదిలారు. కప్పలు పురుగులను తింటాయి, చెరకు బతుకుతుంది. కాగితం మీద దివ్యంగా ఉంది. ఈ కథ బావకు చెబితే, గానుగ దగ్గర పాకం కలుపుతున్నవాడు గరిట ఎత్తకుండానే మూడు ప్రశ్నలు వేశాడు.

"పురుగు పిల్లగా ఉన్నప్పుడు ఎక్కడుంటుంది?"

"నేల కింద, వేళ్లు తింటూ."

"పెద్దదయ్యాక?"

"గడ పైన, ఆకుల్లో."

"మరి కప్ప?"

నేల మీద. గడలు ఎక్కలేదు, వేళ్ల దాకా తవ్వలేదు. పురుగుకూ కప్పకూ ముఖాముఖి కుదిరే ముహూర్తమే తక్కువ. చిత్తూరు రైతు పెనం ముందు నిలబడి తేల్చిన సంగతి, అక్కడి నిపుణులకు కప్పలను ఓడెక్కించేముందు తట్టలేదు. ఆ కప్పల ఒంట్లో విషం ఉంది. తిన్న జంతువు చస్తుంది. కనుక వాటిని తినేవాళ్లు లేరు, అవి మాత్రం దొరికినదల్లా తింటూ కోట్లకు పెరిగి, ఖండం అవతలి కొస అయిన పశ్చిమ ఆస్ట్రేలియా దాకా నడిచాయి. పెంకు పురుగు యథాస్థానంలో క్షేమం.

ముంగిస కథ ఇంకా మనకు దగ్గరిది, ఎందుకంటే అది మన ముంగిసే. 1872లో కలకత్తా నుంచి తొమ్మిదింటిని జమైకా చెరకు తోటల్లో ఎలుకలను పట్టడానికి తీసుకెళ్లారు. వాటి సంతతిని 1883లో హవాయికి తెచ్చారు. ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. రెండూ వేర్వేరు షిఫ్టుల్లో హాయిగా ఉద్యోగం చేసుకున్నాయి. మధ్యలో పోయినవి పక్షుల గుడ్లు. ఇదంతా తెలిసి కూడా జపాన్ వారు 1979లో అమామి దీవిలో విషసర్పాల కోసం 30 ముంగిసలను వదిలారు. ఆ సర్పాలూ రాత్రిపూట తిరిగేవే. వదిలిన ఆ ముంగిసల వంశం అంతరించిందని ప్రకటించడానికి 2024 దాకా పట్టింది. ముప్పై ముంగిసలు, నలభై అయిదేళ్లు, ఉచ్చులు, కుక్కలు, జీతాలు.

పోనీ ఇవి జంతువులు, బుద్ధి లేదు అనుకుందాం. బుద్ధి ఉన్నవాడు థామస్ మిడ్‌గ్లీ. 1921లో పెట్రోలులో సీసం కలిపితే ఇంజను టకటకలాడకుండా సాఫీగా నడుస్తుందని కనిపెట్టాడు. కర్మాగారాల్లో కార్మికులు చచ్చిపోతున్నారని గోల పుడితే, 1924లో విలేఖరుల ఎదుట ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి, ఏమీ కాదన్నాడు. అప్పటికే ఆయన సీసం విషంతో జబ్బుపడి విశ్రాంతి తీసుకుని వచ్చినవాడు. అది చాలదన్నట్టు కొన్నేళ్లకే ఫ్రిజ్‌ల కోసం క్లోరోఫ్లోరోకార్బన్ వాయువును సిద్ధం చేశాడు. దాని నిర్వాకం ఓజోన్ పొరకు రంధ్రంగా 1985లో బయటపడింది. రెండూ అద్భుతంగా పనిచేశాయి, చిక్కంతా అక్కడే. పనిచేయకపోయి ఉంటే ప్రపంచం ఆ వారమే వాటిని మరిచిపోయేది. సీసం పెట్రోలు మన దేశంలో 2000లో ఆగింది, ఆఖరి దేశం అల్జీరియాలో 2021లో. కనిపెట్టినవాడు 1944లోనే, పోలియోతో కాళ్లు పడిపోయాక మంచం మీది నుంచి లేవడానికి తనే తయారుచేసుకున్న తాళ్ల యంత్రంలో మెడ చిక్కుకుని పోయాడు.

ఇంత దూరం వెళ్లడం ఎందుకు? చిత్తూరు వెళ్లే దారిలో ఎండిన చెరువు కనిపిస్తే కట్ట దిగి చూడండి. నీళ్లుండవలసిన చోట సర్కారు తుమ్మ. దీని విత్తనాలు 1877లో పక్క జిల్లా కడపలోని కమలాపురంలో నాటారు. మోడు నేలలు పచ్చబడాలి, వంటచెరకు దొరకాలి, ఉద్దేశం బంగారం. పసుపుపచ్చని కాయ తియ్యగా ఉంటుంది. మేకలు ఇష్టంగా తిని, గింజలను ఎరువుతో సహా పది చోట్ల వేసి వస్తాయి. నరికితే మొదలు దగ్గర నాలుగు కొమ్మలు లేస్తాయి. ముల్లు చెప్పు అడుగును దాటి అరికాలి దాకా వచ్చి పలకరిస్తుంది. ఇక్కడ బావ అభ్యంతరం చెబుతాడు: కరువు సంవత్సరాల్లో ఊళ్లో ఎన్ని పొయ్యిలు ఆ కట్టెతో వెలిగాయి, బొగ్గు కాల్చి ఎన్ని కుటుంబాలు గంజి తాగాయి, అది కూడా లెక్కలో వేయమంటాడు. వేస్తాను. మొలకెత్తే తప్పుకు ఇదే బలం. మధ్యలో కొందరికి అన్నం పెడుతుంది, అందుకే పీకడానికి ఎవరికీ చేతులు రావు.

ఈ రెండింటి నడుమ వెనక్కి తీసుకున్న తప్పులు కొన్ని ఉన్నాయి. తుగ్లక్ రాగి నాణేలను వెండి నాణేల విలువకు చెలామణి చేయబోయి, దేశమంతా దొంగ టంకశాలలు వెలిశాక, తెచ్చినవారందరికీ ఖజానా నుంచి వెండి ఇచ్చి నాణేలు వాపసు తీసుకున్నాడు. ఆస్ట్రేలియా 1932లో పైరు తొక్కుతున్న ఈము పక్షుల మీదికి మరతుపాకులతో సైన్యాన్ని పంపి, పక్షులు చెల్లాచెదురుగా పరుగెత్తి తప్పించుకుంటుంటే, సైన్యాన్ని వెనక్కి పిలిచింది. నవ్వులపాలయ్యారు, బతికిపోయారు. తుగ్లక్‌ను ఏడు వందల ఏళ్లుగా ఆడిపోసుకుంటున్నాం కానీ, ప్రజలకు డబ్బు వాపసు ఇచ్చిన పాలకులు చరిత్రలో ఎందరున్నారో లెక్కపెట్టుకుంటే ఆయన మీద కాస్త గౌరవం కలగకపోదు.

అసలు వివాదం చంద్రగిరి దగ్గర వస్తుంది. విజయనగరం చివరి రాయలకు అది రాజధాని. వారి సామంతుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకు సముద్రపు ఒడ్డున ఇసుక నేల కాస్త రాసిచ్చాడు. కోట కట్టుకుంటారు, వ్యాపారం పెరుగుతుంది, సుంకంలో సగం వస్తుంది. ఇసుకలో ఏం మొలుస్తుంది అనుకుని ఉంటాడు. మొలిచింది మద్రాసు. 1801లో ఆర్కాటు నవాబుల కర్ణాటక ప్రాంతమంతా (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు) కంపెనీ చేతికి వచ్చినప్పుడు చంద్రగిరి కూడా అందులోనే ఉంది. ఇచ్చిన స్థలం 162 ఏళ్లకు ఇచ్చినవారి ఇల్లు అడగడానికి వచ్చిందన్నమాట. అంతేనా, 1843 దాకా తిరుమల గుడి వ్యవహారం, ఆదాయం కూడా కంపెనీ దొరల అజమాయిషీలోనే నడిచాయి. ఇసుక అడిగినవాడు హుండీ లెక్క చూసేదాకా వచ్చాడు. ఈ చుట్టుపక్కల ఇంతకన్నా పుష్టిగా మొలకెత్తిన పొరపాటు నాకు కనిపించలేదు.

కాబట్టి నా తీర్పు మునిగే తప్పు వైపే, ఒక్క షరతుతో. వాసాలో పోయిన ఆ 30 మందికి 'త్వరగా తేలిపోయింది కదా' అని చెప్పలేం. మునగాలి, లోపల మనుషులు ఉండకూడదు, అందరికీ కనిపించాలి, మర్నాడు ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగూ కలిసి వచ్చిన తప్పు మన జిల్లాలోనే ఉంది. శ్రీహరికోట నుంచి తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు 1979లో ఎగిరి బంగాళాఖాతంలో పడింది. తేదీ ఆగస్టు 10, వాసా మునిగిన రోజే. ప్రాజెక్టు పెద్ద అబ్దుల్ కలాం. విలేఖరుల ముందుకు వచ్చి నింద మీద వేసుకున్నది మాత్రం ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980 జులై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు ఆయన పక్కకు తప్పుకుని కలాంను మాట్లాడమన్నాడు. తప్పును ఇంత చవకగా, ఇంత హుందాగా ముగించిన సందర్భం చూపిస్తే నా ఓటు మార్చుకుంటాను.

బావ ఓటు మాత్రం చంద్రగిరికే, అదీ పొగడ్తగా. "నాయకుడు ఆనాడు ఆ ఇసుక ఇవ్వకపోతే మద్రాసే లేదు. మద్రాసు లేకపోతే నా బెల్లం నువ్వు కొంటావా? నీకు షుగరు."