మందు మానడానికి: ఏఏ మీటింగా, స్మార్ట్ రికవరీయా?

1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అంటే మందు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగులు; వాళ్లది పన్నెండు మెట్ల దారి. తాగుడు ముందు తన శక్తి చాలడం లేదని ఒప్పుకోవడం మొదటి మెట్టు. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు, ఊరికే కూర్చుని వినొచ్చు. ముందే మానేసిన ఒకరు స్పాన్సర్‌గా తోడుంటారు. తాగాలనిపించిన రాత్రి ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండటం ఎంత పెద్ద అండో! దేవుడి ప్రస్తావన వస్తుంది, కానీ ఆ దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు.

ఆ దారి పడనివాళ్లకు 1994 నుంచి ఉన్న స్మార్ట్ రికవరీ అనే మరో రకం మీటింగులు నయం. మెట్లు, స్పాన్సర్లు ఉండవు. కోరికను తట్టుకునే పద్ధతులు నేర్పుతారు.

నన్నడిగితే, దగ్గర్లో ఏది ఉంటే దానికి ఈ వారమే వెళ్లండి. ఒక్క మీటింగుతో తేల్చేయకండి. రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపేముందు డాక్టర్‌ని కలవాలి, ఫిట్స్ రావచ్చు.