వీఎం కమాండ్లలో ఏది మేలు: వర్ట్-ఇన్‌స్టాలా, వేగ్రంటా, మల్టీపాసా?

వీఎం (వర్చువల్ మెషీన్, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) తయారుచేసే టూల్స్‌ని పోల్చేటప్పుడు ఎక్కువమంది చూసేది మొదటి ఐదు నిమిషాలే. ఎన్ని కమాండ్లు కొట్టాలి, లాగిన్ ప్రాంప్ట్ ఎంతసేపటికి వస్తుంది, అంతే. కానీ వీఎం పుట్టేది ఒక్కసారి. ఆ తర్వాత నెలల తరబడి దాన్ని చూసుకోవాలి. ర్యామ్ చాలదంటారు, డిస్క్ నిండిందంటారు, ఇంకో నెట్‌వర్క్ కార్డ్ కావాలంటారు, ఒకరోజు మొత్తం తీసెయ్యమంటారు. నా దృష్టిలో టూల్ సత్తా తేలేది అక్కడే. ఉన్న వీఎంని మార్చబోయే ముందు ఏం జరగబోతోందో అది మనకి చెప్తుందా, లేదా?

అందుకే అన్నిటికీ ఒకే పని పెట్టి చూద్దాం. ఉబుంటు సర్వర్ ఒకటి, రెండు సీపీయూలు, 4 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్, ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైల్) లాగిన్. కొన్నాళ్లకి ర్యామ్ 8 జీబీ చెయ్యాలి. చివర్లో తీసెయ్యాలి.

నేరుగా క్యూఎము

ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో మొదలుపెట్టిన క్యూఎము (వీఎంని నిజంగా నడిపే ప్రోగ్రామ్) మీదే ఈ టూల్స్‌లో చాలావరకు నిలబడ్డాయి. దాన్నే నేరుగా వాడితే ఏదీ దాపరికం ఉండదు, అదే దాని గొప్ప. కష్టం డిఫాల్ట్‌లతో. ర్యామ్ ఎంతో చెప్పకపోతే 128 ఎంబీ ఇస్తుంది, ఇవాళ్టి ఉబుంటు సర్వర్‌కి అది ఏ మూలకీ రాదు. కేవీఎం (ప్రాసెసర్‌ని నేరుగా వాడుకునే లైనక్స్ సౌకర్యం) వాడమని విడిగా చెప్పకపోతే ప్రాసెసర్ పనంతా సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరిస్తుంది. వీఎం నడుస్తుంది కానీ నత్తనడక, ఎందుకో ఏ మెసేజీ చెప్పదు.

అయినా ఇందులో ఒక మార్పు నాకు బాగా నచ్చింది. ఒక మూల ఇమేజ్ (ముందే ఉన్న డిస్క్ ఫైల్) మీద కొత్త డిస్క్ పెట్టేటప్పుడు, మూల ఇమేజ్ ఏ ఫార్మాట్‌లో ఉందో ఒకప్పుడు చెప్పకపోయినా నడిచేది. ఫైల్ మొదట్లో ఉన్న బైట్లు చూసి అదే ఊహించేది. దీంట్లో ప్రమాదం ఉంది. రా ఫార్మాట్ (తనదైన హెడర్ లేని) డిస్క్ మొదట్లో గెస్ట్ (వీఎం లోపలి ఓఎస్) ఏమైనా రాసుకోవచ్చు కాబట్టి, అక్కడ వేరే ఫార్మాట్ హెడర్ రాసి హోస్ట్‌లోని (వీఎంని నడిపే అసలు మెషీన్‌లోని) ఫైళ్లని చదివే దారి దొరుకుతుంది. క్యూఎము 6.1 నుంచి ఆ ఫార్మాట్ చెప్పడం తప్పనిసరి చేశారు. పాత స్క్రిప్టులు కొన్ని ఆగిపోయాయి, కానీ ఊహించడం కంటే ఆగి అడగడమే సరైన పద్ధతి.

నేర్చుకోవడానికి క్యూఎము మంచిదే. రోజూ వాడుకోవడానికి మాత్రం వద్దంటాను. ర్యామ్ పెంచాలంటే మనం దాచుకున్న స్క్రిప్ట్‌లో అంకె మార్చి మళ్లీ స్టార్ట్ చెయ్యాలి, ఆ స్క్రిప్ట్ పోతే వీఎం ఆకారమే పోయినట్టు.

లిబ్‌వర్ట్ కుటుంబం

లైనక్స్ సర్వర్ మీద అసలు పోటీ ఇక్కడే. వర్ట్-ఇన్‌స్టాల్ తయారుచేస్తుంది, వర్ట్-ఎక్స్ఎంఎల్ మారుస్తుంది, వర్ష్ రోజువారీ పనులు చూస్తుంది. మూడూ వీఎంలని నిర్వహించే ఒకే సాఫ్ట్‌వేర్‌తో, అంటే లిబ్‌వర్ట్‌తో మాట్లాడతాయి.

2022లో వచ్చిన 4.0 నుంచి వర్ట్-ఇన్‌స్టాల్‌కి గెస్ట్ ఏ ఓఎస్సో తెలియాల్సిందే. మనం చెప్పక, అది కూడా కనిపెట్టలేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అంతకుముందు కిక్కురుమనకుండా పాతకాలపు డిస్క్ కంట్రోలర్, పాత నెట్‌వర్క్ కార్డ్ తగిలించి వీఎం చేసి ఇచ్చేది. డిస్క్ ఎందుకింత స్లోగా ఉందని తర్వాత తల పట్టుకునేవాళ్లం. ఇప్పుడొచ్చే మెసేజ్ ఎలా ఉందంటే: ఓఎస్ పేరు ఎందుకు కావాలో చెప్తుంది, పాత పద్ధతే కావాలంటే ఏ ఆప్షన్ ఇవ్వాలో కూడా చెప్తుంది. ఎర్రర్ మెసేజ్ రాసే ప్రతి ఒక్కరూ దీన్ని ఒకసారి చూడాలి.

మన పని విషయానికొస్తే, ఉబుంటు క్లౌడ్ ఇమేజ్ (ఓఎస్ ముందే ఇన్‌స్టాల్ చేసి ఉన్న డిస్క్ ఫైల్) డౌన్‌లోడ్ చేసి, దాన్ని మూలంగా పెట్టి 20 జీబీ డిస్క్ అడిగి, ఇంపోర్ట్ అని చెప్పి, క్లౌడ్-ఇనిట్ (మొదటి బూట్‌లో యూజర్లు, కీలు పెట్టే టూల్) ఆప్షన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీ ఇస్తే సరిపోతుంది. కమాండ్ పొడుగే. దానికి డ్రై-రన్, ప్రింట్-ఎక్స్ఎంఎల్ కలిపితే ఏమీ తయారుచెయ్యకుండానే, చెయ్యబోయే వీఎం మొత్తం వివరం తెర మీద పోస్తుంది.

ర్యామ్ పెంచే దగ్గర ఈ కుటుంబంలోనే మంచీ చెడూ పక్కపక్కన కనిపిస్తాయి. వర్ట్-ఎక్స్ఎంఎల్‌కి ఎడిట్ అని చెప్పి, ర్యామ్, గరిష్ఠ ర్యామ్ రెండూ 8192 ఇచ్చి, కన్ఫర్మ్ ఆప్షన్ కలపండి. మైనస్ గుర్తుతో పాత అంకె 4194304, ప్లస్ గుర్తుతో కొత్త అంకె 8388608 (రెండూ కేబీల్లో) చూపించి, మార్చమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే మార్పు రాసుకుంటుంది. వీఎం నడుస్తూ ఉంటే, పూర్తిగా ఆపి మళ్లీ పెట్టాకే ఇది అమల్లోకి వస్తుందని కూడా చెప్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇదే పని వర్ష్‌తో చేసేవాళ్లు జాగ్రత్త. వర్ట్-ఇన్‌స్టాల్‌లో 8192 అంటే ఎంబీలు, అంటే 8 జీబీ. వర్ష్ సెట్‌మెమ్‌లో యూనిట్ చెప్పకుండా 8192 ఇస్తే అవి కేబీలు. నడుస్తున్న సర్వర్‌ని 8 ఎంబీకి కుదించమని అడిగినట్టు! చివర జి అక్షరం కలిపి 8జి అని ఇస్తే సరిగ్గా అర్థం చేసుకుంటుంది, అలాగే అలవాటు చేసుకోండి. పైగా సెట్‌మెమ్ ముందే పెట్టిన గరిష్ఠ హద్దు దాటి ఇవ్వలేదు, ఆ హద్దు పెంచాలంటే వీఎం ఆగి ఉండాలి. ఒకే ప్రాజెక్ట్ చుట్టూ ఉన్న రెండు కమాండ్లు ఒకే అంకెని రెండు రకాలుగా చదవడం ఇన్నేళ్లయినా మారలేదు. పాత స్క్రిప్టులు చెడిపోతాయన్న భయం సబబే, కానీ యూనిట్ లేని అంకె వచ్చినప్పుడు ఒక హెచ్చరిక లైన్ రాయడానికి ఏ స్క్రిప్టూ అడ్డం రాదు.

ఇంకో తికమక. మామూలు యూజర్‌గా వర్ష్ నడిపితే సెషన్ అనే కనెక్షన్, సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడిపితే సిస్టమ్ అనే కనెక్షన్. సుడోతో చేసిన వీఎం సుడో లేకుండా చూస్తే లిస్ట్‌లో ఉండదు. ఆగి ఉన్న వీఎంలు కూడా ఆల్ అని అడిగితేనే కనిపిస్తాయి. ఈ రెండూ కలిసి కొత్తవాళ్లకి వీఎం మాయమైందన్న టెన్షన్ పెడతాయి. లిబ్‌వర్ట్ డిఫాల్ట్ యూఆర్ఐ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని షెల్ ఫైల్‌లో పెట్టుకుంటే ఈ గొడవ సగం తీరుతుంది.

ఈ కుటుంబానికి బయట, వర్చువల్‌బాక్స్ అనే వేరే వీఎం సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి వీబాక్స్‌మేనేజ్ ఉంది. వీఎం నమోదు, డిస్క్ సృష్టి, కంట్రోలర్, దానికి డిస్క్ తగిలించడం, సెట్టింగులు, స్టార్ట్, అన్నిటికీ తలా ఒక కమాండ్. స్క్రిప్ట్‌లో పెడితే ఫర్వాలేదు, చేత్తో కొట్టే పని కాదు.

వేగ్రంట్

2010లో మిచెల్ హాషిమోటో విడుదల చేసిన వేగ్రంట్ తెచ్చిన మార్పు మామూలుది కాదు. వీఎం ఎలా ఉండాలో ఒక ఫైల్‌లో రాయి, ఆ ఫైల్‌ని కోడ్ పక్కనే గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టు, ఎవరు తీసుకున్నా వేగ్రంట్ అప్ అంటే అదే వీఎం వస్తుంది. టీమ్‌లో పనిచేసేవాళ్లకి ఈ హాయి ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకలేదు. ర్యామ్ పెంచాలంటే ఫైల్‌లో అంకె మార్చి రీలోడ్ అనాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెంచారో గిట్ చెప్తుంది.

లోటు ఏంటంటే, ర్యామ్, సీపీయూ సెట్టింగులు ప్రొవైడర్ (వీఎంని నిజంగా నడిపే సాఫ్ట్‌వేర్) బ్లాక్ లోపల ఉంటాయి. వర్చువల్‌బాక్స్‌కి రాసినవి లిబ్‌వర్ట్‌కి పనికిరావు, మళ్లీ రాయాలి. బాక్స్ (ముందే సిద్ధం చేసిన వీఎం ఇమేజ్) కూడా ఆ ప్రొవైడర్‌కి తయారై ఉండాలి. ప్రొవిజనింగ్ స్క్రిప్ట్ (వీఎం లోపల సాఫ్ట్‌వేర్ సెటప్ చేసేది) మొదటి అప్‌కే నడుస్తుంది, తర్వాత మారిస్తే ప్రొవిజన్ అని విడిగా అడగాలి. ఇది తెలియక స్క్రిప్ట్ మార్చాను, ఏమీ మారలేదేంటి అనేవాళ్లు చాలామంది.

2023 ఆగస్టులో వేగ్రంట్ తయారుచేసే సంస్థ హాషికార్ప్ తన ఉత్పత్తుల లైసెన్స్‌ని ఓపెన్ సోర్స్ నుంచి బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కి మార్చింది, అందులో వేగ్రంట్ కూడా ఉంది. ఆ తర్వాత ఉబుంటు 24.04 నుంచి దాని తయారీ సంస్థ కానానికల్ అధికారిక ఉబుంటు బాక్స్‌లు విడుదల చెయ్యడం మానేసింది. ఉన్న ప్రాజెక్ట్‌ని వదిలెయ్యక్కర్లేదు. కొత్తది మొదలుపెడుతుంటే మాత్రం బాక్స్ ఎవరు తయారుచేశారో చూసుకోవాలి.

మల్టీపాస్

ఉబుంటు ఒక్కటే చాలు అనుకునేవాళ్లకి కానానికల్ వారి మల్టీపాస్‌ని మించింది లేదు. లాంచ్ అని ఒక్క కమాండ్‌లో సీపీయూ, ర్యామ్, డిస్క్ చెప్పి, క్లౌడ్-ఇనిట్ ఫైల్ ఇస్తే మన పని అయిపోయినట్టే. ఇమేజ్ అదే తెచ్చుకుంటుంది. లైనక్స్, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ అవే కమాండ్లు. ఏమీ చెప్పకపోతే ఒక సీపీయూ, 1 జీబీ ర్యామ్, 5 జీబీ డిస్క్ ఇస్తుంది. చిన్నవే, కానీ ఉబుంటు బూట్ అవుతుంది.

ర్యామ్ మార్చాలంటే వీఎం ఆపి, సెట్‌తో 8జి అని ఇచ్చి, మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. యూనిట్ మనమే రాస్తాం కాబట్టి అపార్థానికి తావు తక్కువ. డిస్క్ పెంచొచ్చు, తగ్గించలేం. లిస్ట్‌ని ప్రోగ్రాములు తేలిగ్గా చదివే జేసన్ ఫార్మాట్‌లో ఇమ్మంటే ఇస్తుంది, స్క్రిప్టులు రాసేవాళ్లకి ఇది ఎంత సుఖమో వర్ష్ ఇచ్చే టేబుల్‌ని ముక్కలు చేసుకున్నవాళ్లకి తెలుసు. కానీ ప్రత్యేకమైన నెట్‌వర్క్, డివైస్ పాస్‌త్రూ (అసలు మెషీన్ పరికరాన్ని నేరుగా వీఎంకి ఇవ్వడం) లాంటి లోతైన పనులకి ఇది చాలదు.

తీసెయ్యడం దగ్గర

మూడింటి స్వభావం ఇక్కడ బయటపడుతుంది. వర్ష్ డిస్ట్రాయ్ అడగకుండా, ఆగకుండా వీఎం కరెంట్ తీగ పీకేస్తుంది, డిస్క్ మాత్రం భద్రం. నిజంగా పోవాలంటే అన్‌డిఫైన్ అనాలి, డిస్కులు కూడా పోవాలంటే స్టోరేజ్ తీసెయ్యమని విడిగా చెప్పాలి. వేగ్రంట్ డిస్ట్రాయ్ ఒకసారి అడిగి, సరేనంటే డిస్క్‌తో సహా చెరిపేస్తుంది. ఒకదానికి అలవాటుపడ్డ చేయి రెండోదానిలో అదే కొడితే డేటా గల్లంతు. మల్టీపాస్ డిలీట్ అంటే వీఎంని పక్కన పెడుతుంది, పర్జ్ అనేంతవరకు రికవర్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు. వీఎం తీసే కమాండ్ ఇలా ఉండాలి, మిగతా రెండు ప్రాజెక్టులూ ఇది నేర్చుకోవాలని నా గట్టి కోరిక.

మరి ఏది?

ఎక్కువకాలం నడిచే లైనక్స్ సర్వర్ మీద వర్ట్-ఇన్‌స్టాల్, వర్ట్-ఎక్స్ఎంఎల్ జంటకే నా ఓటు. ముందు చూపించి తర్వాత మార్చే గుణం వాటిలో ఉంది. సొంత ల్యాప్‌టాప్‌లో ప్రయోగాలకి మల్టీపాస్. టీమ్ అంతటికీ ఒకే వాతావరణం కావాలి, ఫైల్ ఇప్పటికే ఉంది అంటే వేగ్రంట్‌తో కొనసాగండి.

ఏది ఎంచుకున్నా యూజర్లు, కీలు, ప్యాకేజీలు క్లౌడ్-ఇనిట్ ఫైల్‌లోనే రాసుకోండి. వర్ట్-ఇన్‌స్టాల్‌కి యూజర్-డేటాగా ఇచ్చేదీ మల్టీపాస్‌కి ఇచ్చేదీ అదే ఫైల్, కాబట్టి రేపు టూల్ మార్చినా పని వృథా కాదు. మొదటి లైన్‌లో హ్యాష్ గుర్తుతో క్లౌడ్-కాన్ఫిగ్ అని ఉండాలి, అది లేకపోతే కింద రాసిందంతా అమలు కాదు. వీఎం చేసే ముందే క్లౌడ్-ఇనిట్ స్కీమా కమాండ్‌తో ఫైల్‌ని ఒకసారి పరీక్షించండి, స్పేస్ తప్పులు అక్కడే దొరికిపోతాయి. వీఎం లేచాక దాని లోపల క్లౌడ్-ఇనిట్ స్టేటస్‌ని వెయిట్ ఆప్షన్‌తో అడిగితే, సెటప్ పూర్తయ్యేదాకా ఆగి ఫలితం చెప్తుంది.