సబ్‌డొమైన్ మీద నోడ్ యాప్: షేర్డ్ హోస్టింగ్ నుంచి వీపీఎస్ దాకా

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయనకు రాసిచ్చిన యాప్ ఇది. ఏ రైతు సరుకు ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చింది, తేజ రకం మిర్చి ఏ రేటుకు పోయింది, తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ఎంతకు పోయింది, అన్నీ అందులోనే. జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే నోడ్, దాని మీద వెబ్ యాప్‌లు కట్టే ఎక్స్‌ప్రెస్‌తో రాశాను. ఆయనకు వర్డ్‌ప్రెస్‌లో సైటు ముందే ఉండటంతో దాని జోలికి పోకుండా యాప్‌ని సబ్‌డొమైన్ (అదే డొమైన్ పేరుకు ముందు ఇంకో పేరు తగిలించిన అడ్రసు) మీద పెట్టాం. మొదట్లో ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్, ఇప్పుడు మనకే విడిగా ఇచ్చే వర్చువల్ సర్వర్, అంటే వీపీఎస్.

షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టడం చాలా తేలిక. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ అయిన సీప్యానెల్‌లో నోడ్ యాప్ ఆప్షన్ ఉన్న ప్లాన్ అయితే సబ్‌డొమైన్, వెర్షన్, స్టార్టప్ ఫైలు చెబితే చాలు, మిగతాది యాప్‌ని నడిపే ప్యాసెంజర్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. పోర్టుల గొడవ లేదు. ఇబ్బందల్లా కాసేపు ఎవరూ వాడకపోతే యాప్‌ని ఆపేయడం. పొద్దున్నే మొదట తెరిచినవాళ్లకు అది మళ్లీ లేచేదాకా తెల్ల స్క్రీనే. ఫిబ్రవరి, మార్చిలో యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో గుమాస్తాకు అంత ఓపిక ఎక్కడిది? పైగా మెమరీ పరిమితి వల్ల, యాప్‌కు కావాల్సిన ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయేది. సపోర్టువాళ్లను అడిగితే పెద్ద ప్లాన్ కొనమన్నారు.

సబ్‌డొమైన్ ఎంత మేలో వీపీఎస్‌కు మారేటప్పుడు తెలిసింది. ఆ పేరు ఏ సర్వర్‌దో చెప్పే 'A' రికార్డు ఒక్కటి కొత్త సర్వర్ ఐపీకి మారిస్తే సరిపోయింది. మెయిన్ సైటు, ఈమెయిళ్లు పాత చోటే ఉన్నాయి. టీటీఎల్ (పాత ఐపీని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 14400 ఉంటే పాత ఐపీ నాలుగు గంటల దాకా కొందరికి కనిపిస్తుంది కాబట్టి ముందు రోజే 300కి తగ్గించాను.

వీపీఎస్ 1 జీబీ ర్యామ్‌ది, దానికి కొంత స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) కలిపాను. బయటి రిక్వెస్టులు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కు వస్తాయి, అది లోపల 3000 పోర్టులో ఉన్న నోడ్‌కు అందిస్తుంది. యాప్ పడిపోతే పీఎం2 అనే ప్రోగ్రామ్ మళ్లీ లేపుతుంది. అయితే పీఎం2 స్టార్టప్‌తో పాటు సేవ్ కమాండ్ కూడా ఇవ్వాలి, లేదంటే సర్వర్ రీబూట్ కాగానే ఏ యాప్ లేపాలో దానికి తెలియక, వెనక యాప్ అందడం లేదని 502 ఎర్రర్ పలకరిస్తుంది. https కోసం ఉచితంగా వచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు 90 రోజులు. సర్ట్‌బాట్ అనే టూల్ దాన్ని తనంతట తనే రెన్యూ చేస్తోంది, నాకు ఆ టెన్షన్ లేదు.

కాటా చీటీల ఫొటోలు ఎక్కించడం మొదలుపెట్టాక పంపింది మరీ పెద్దదంటూ 413 ఎర్రర్ వచ్చింది. యాప్‌లో ఏ తప్పూ లేదు. ఎన్‌జిన్ఎక్స్ మామూలుగా 1 ఎంబీకి మించి ఒప్పుకోదు, ఇప్పటి ఫోన్లలో తీసే ఫొటో మూడు నాలుగు ఎంబీలుంటుంది. దాని క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజు సెట్టింగును 10 ఎంబీ చేస్తే సరిపోయింది.

నెలకోసారైనా లాగిన్ అయి అప్‌డేట్లు, డిస్క్, బ్యాకప్ చూసే మనిషి లేకపోతే వీపీఎస్ జోలికి పోవద్దంటాను. రోజుకు నలుగురు వాడే ఆఫీసు యాప్‌కు షేర్డ్ చాలు. మే నెలలో యార్డుకు సెలవులిచ్చినా వీపీఎస్ బిల్లు మాత్రం ఆగదు మరి.

ఇంకొకటి, సర్వర్ గడియారం. ఒకరోజు వ్యాపారి ఫోన్ చేసి, "ఏం బాబూ, తెల్లవారుజామున దిగిన లారీ సరుకు నిన్నటి తారీకులో పడిందేంటి?" అన్నారు. సర్వర్ యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మనకు ఉదయం ఐదున్నర దాటితే గానీ దానికి తేదీ మారదు. టైమ్‌జోన్ వేరియబుల్‌కు ఏషియా/కోల్‌కతా అని ఇచ్చి పీఎం2ని రీస్టార్ట్ చేశాను, పాత ఎంట్రీల తేదీలు మాత్రం గుమాస్తాగారు చీటీలు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచేశారు.